కారం మిల్లు దగ్గర నిలబడ్డట్టు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ డాక్టరుగారి జ్ఞాపకార్థం పెట్టారో ఆయన పేరు ప్రసంగంలో ఎత్తవద్దని వారి పిల్లలు నా దగ్గర ముందే మాట తీసుకున్నారు. నాన్నకు పొగడ్త గిట్టేది కాదన్నారు. సరే. పల్నాటి పల్లెల్లో ప్రాక్టీసు పెట్టిన మనిషి. నాడి చూడకముందే "రాత్రి ఏం తిన్నావు?" అనేవారట. "అన్నం" అంటే వదిలేవారు కాదట. ఏ బియ్యం, దేంట్లోకి, ఎన్నింటికి అని ఆరా తీసేవారట. జ్వరమని వస్తే ఈ పెళ్ళిచూపుల ప్రశ్నలేమిటని జనం నవ్వుకునేవారని విన్నాను. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది చాలావరకు ఆ "ఏ బియ్యం?" చుట్టూనే తిరుగుతుంది.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ప్రాసెస్ చేయని తిండితో ఆరోగ్యపు అలవాట్లు. ఫ్యాక్టరీలో తయారైంది చెడు, చేలో పండింది పండినట్టు తింటే మంచిది అని చెప్పి దిగిపోతే పది నిమిషాల పని. చప్పట్లు కూడా బాగానే పడతాయి. కానీ మన నల్లరేగడిలో పండే రెండు పెద్ద పంటలు, పత్తీ మిరపా, ఆ లెక్కకు ఒప్పుకోవు.

పత్తి సంగతి చూడండి. పత్తిగింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంది. పురుగు కొరక్కుండా మొక్క తనకు తాను చేసుకున్న ఏర్పాటది. నెమరువేసే పశువు దాన్ని కొంతవరకు అరాయించుకుంటుంది. అందుకే గేదెకు గింజలు నానబెట్టి రుబ్బి పెడతాం, చెక్క పెడతాం. మనిషికి మాత్రం అది విషం. చైనాలో కొన్ని పల్లెల వాళ్ళు పచ్చి పత్తినూనెతోనే వండుకుని పిల్లలు పుట్టని స్థితికి వచ్చారు. ఎందుకా అని వెతికితే గాసిపాల్ మగవాళ్ళ సంతాన శక్తిని దెబ్బతీస్తోందని తేలింది. తర్వాత దాన్నే మగవాళ్ళ గర్భనిరోధక మాత్రగా వాడొచ్చా అని అక్కడ 1970లలో పరీక్షలు కూడా చేశారు. కాబట్టి పత్తిగింజల నూనెను క్షారంతో కడిగి, రంగు తీసి, వాసన తీసిన తర్వాతే నోట పెట్టుకోగలం. శుద్ధి చేయకపోతే అది తిండే కాదు.

అలాగని శుద్ధికి దండం పెట్టి ఊరుకుందామా అంటే, ఆ గింజే ఇంకో కథ చెబుతుంది. 1911లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఆ నూనెనే హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించి, క్రిస్కో అని డబ్బాల్లో పోసి అమ్మింది. వనస్పతి కులానికంతటికీ అదే మూలపురుషుడు. మనకు డాల్డా 1937లో వచ్చింది. పెళ్ళిళ్ళ లడ్డూల్లో, బేకరీ పఫ్‌లలో ఎన్ని దశాబ్దాలు తిన్నామో మీకు తెలుసు. అందులోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని తెలిసి, మన ప్రభుత్వం 2022 జనవరి నుంచి 2 శాతం మించకూడదని హద్దు పెట్టింది. ఒకే గింజలో విషం తీసిందీ ఫ్యాక్టరీయే, ఇంకో రకం విషం పెట్టిందీ ఫ్యాక్టరీయే. కనుక ప్రాసెస్ చేశారా లేదా అన్న ఒక్క ప్రశ్నతో తిండిని తూచలేం. ఏం తీశారు, ఏం కలిపారు, అదంతా ఎవరి కళ్ళముందు జరిగింది అని అడగాలి.

ఈ మూడు ప్రశ్నలూ అడగడం మనవాళ్ళకు రాదని అనుకోకండి. ఒక్క విషయంలో మనంత గట్టిగా అడిగేవాళ్ళు లేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ జిల్లాల్లో ఏ ఊరి కారం మిల్లు దగ్గరికైనా వెళ్ళి చూడండి. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడానికి ఇంటిల్లిపాదీ కదులుతారు. ఘాటుకు సన్నాలు, రంగుకు కాస్త బ్యాడిగి, ఇంట్లో నోరు గట్టివాళ్ళుంటే తేజ. డాబా మీద ఎండబెట్టి, గలగలమనేదాకా ఉంచి, తొడిమలు తీసి, తాలుకాయ ఏరేసి, సంచికెత్తుతారు. మిల్లులో ముందువాళ్ళ కారం అడుగున ఉంటుందని మొదటి దోసెడు పక్కకు తీయిస్తారు. పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా, ఆ ఇంటి ఆడమనిషి మాత్రం అక్కణ్ణించి కదలదు. "మీరు వెళ్ళి కూర్చోండమ్మా, అయ్యాక పిలుస్తా" అని మిల్లతను అన్నా కదలదు. వేడి ఆరబోసి, ఉప్పు కలిపి, జాడీకెత్తాకే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది.

ఎందుకింత పట్టుదల? కాయ గురించి ఆమెకు తెలుసు. తాలుకాయ తెల్లబారుతుందని, పొడి కొడితే రంగు రాదని, రంగు రాని చోటే ఎవరికైనా రంగు కలపాలన్న ఆశ పుడుతుందని మిర్చియార్డు నీడన పెరిగిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఆశ ఎంత దూరం వెళ్ళిందో ప్రపంచానికి 2003లో తెలిసింది. మన దేశం నుంచి వెళ్ళిన కారంపొడిలో సుడాన్ 1 అనే రంగు ఉందని ఫ్రాన్సు బయటపెట్టింది. నూనెలకూ మైనానికీ వేసే రంగది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాసులో ఆ కారమే కలిసిందని తెలిసి, ఆ సాసు పడిన వందలాది సరుకులను దుకాణాల్లోంచి వెనక్కి తీసేశారు. దొరసాని తినే పైలోకి కల్తీకారం వెళ్ళిందేమోగాని, పెదనందిపాడులో కళ్ళముందు కొట్టించుకున్న కారంలోకి మాత్రం రాలేదు.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. కారం విషయంలో మనకున్న పట్టుదలలో సగం బియ్యం మీద, నూనె మీద, పిల్లల చిరుతిండి మీద పెడితే చాలు. కొత్తగా ఏ సిద్ధాంతమూ నేర్చుకోనక్కర్లేదు. కానీ కారం మిల్లు దగ్గర అంతసేపు నిలబడ్డ ఆ ఇల్లాలే, దారిలో బియ్యం బస్తా మీది బొమ్మ చూసి బేరమాడి ఆటోలో వేయించుకుంటుంది. ఆమె తప్పు కాదిది. బియ్యం మన కళ్ళముందు నుంచి పక్కకు తప్పుకుని వందేళ్ళు దాటింది.

ఆ వందేళ్ళ కథ మనదే. కోస్తాలో చాలామందికి తెలియదు, పాఠ్యపుస్తకాల్లో లేదు కనుక కాస్త ఓపిక పట్టండి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒక జబ్బు ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు లాగేసి, మనిషి నడవలేకపోయేవాడు. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. పాలు తాగే బిడ్డలు, చూడటానికి బొద్దుగా ఉన్నవాళ్ళే, రెండు నెలల నుంచి అయిదు నెలల లోపు ఉన్నట్టుండి ఊపిరాడక పోయేవారు. దాని పేరు బెరిబెరి. విచిత్రం ఏమిటంటే దక్షిణాన తమిళ జిల్లాలకు ఆ పీడ దాదాపు లేదు. వాళ్ళూ వరే తింటారు, మనమూ వరే తింటాం. తేడా ఎక్కడ?

ఈ జబ్బు మీద విచారణకు 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టారు. పేరే బెరిబెరి విచారణ విభాగం. 1924లో ఆయన, నారిస్ కలిసి బియ్యానికీ ఈ జబ్బుకూ సంబంధమేమిటో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆయన తర్వాత ఆ ప్రయోగశాల బాధ్యత తీసుకున్న ఎయిక్‌రాయిడ్ కాలంలో ఆ పని ఇంకా లోతుకు వెళ్ళింది. తేలింది ఇది: తమిళులు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మర ఆడినా చాలావరకు మిగులుతుంది. సర్కారు జిల్లాల వాళ్ళకు ఉప్పుడు బియ్యం వాసన పడదు. పచ్చి బియ్యమే కావాలి. రోకలితో దంచుకున్నన్నాళ్ళు పచ్చిబియ్యంతో ఇబ్బంది లేదు. రోకటిపోటుకు తవుడంతా రాలదు. ఆవిరి యంత్రాల బియ్యం మిల్లులు వచ్చాక గింజ తళతళలాడింది. ఆ తళతళలాడే బియ్యాన్ని నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోశాం. మిగిలిన ఆ కాస్త విటమినూ గంజిలో పోయింది. తల్లి శరీరంలో లేనిది పాలలోకి ఎక్కడినుంచి వస్తుంది? బిడ్డలు పోయారు.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో అంకెలు చూస్తే కథ రెండు వాక్యాల్లో అర్థమవుతుంది. 100 గ్రాముల దంపుడు బియ్యంలో బి1 విటమిన్ 0.21 మిల్లీగ్రాములు, మర ఆడిన పచ్చిబియ్యంలో 0.06. మర ఆడిన ఉప్పుడు బియ్యంలో మళ్ళీ 0.21. మర ఒకటే, వడ్లు ఒకటే. ముందు ఉడికించడమూ ఉడికించకపోవడమూ అంత తేడా తెచ్చింది. ఉడికించడం కూడా ప్రాసెసింగే కదా! ఇదీ నేను మొదట్లో చెప్పిన చిక్కు.

ఆ కూనూరు విభాగమే పెరిగి 1928లో పోషకాహార పరిశోధనాలయంగా మారి, 1958లో హైదరాబాదు తరలివచ్చింది. తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. అంటే దేశానికంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థ పుట్టింది మన సర్కారు జిల్లాల తెల్లన్నం జబ్బు పుణ్యాన.

ఇందులో ఇంకో తెలుగు పాయ కూడా ఉంది. బి1 విటమిన్‌ను 1936లో ప్రయోగశాలలో మొదటిసారి తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది నెల్లూరులో, 1886లో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీల బిడ్డ. 1910లో ఫిలిప్పీన్స్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు వెడర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయం చేతిలో పెట్టి, ఇందులో ఏముందో కనుక్కో అన్నాడు. ఆ కషాయం తాగించిన బెరిబెరి పసివాళ్ళు గంటల్లో తేరుకోవడం విలియమ్స్ చూశాడు. ఆ తర్వాత అమెరికాలో టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో జీతానికి పనిచేస్తూ, మిగిలిన వేళల్లో తవుడు పట్టుకుని పాతికేళ్ళు కూర్చున్నాడు. విటమిన్ చేతికొచ్చాక, 1940ల చివర్లో మళ్ళీ ఫిలిప్పీన్స్ వెళ్ళి, బతాన్ అనే ప్రాంతంలో బియ్యానికి విటమిన్ కలిపి పంచే ప్రయోగం నడిపాడు. పేటెంటు మీద వచ్చిన డబ్బులో పెద్దభాగం పోషణలోపాల మీద పరిశోధనకే రాసిచ్చాడు. నెల్లూరులో ఆయన పేరు మీద ఏదైనా వీధి ఉంటే బాగుండుననిపిస్తుంది నాకు.

బతాన్ ప్రయోగం ఈమధ్య మన రేషన్ డిపోకు కూడా వచ్చింది. ఫోర్టిఫైడ్ బియ్యం అంటున్నది అదే. నూకల పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, యంత్రంలో మళ్ళీ గింజ ఆకారంలోకి ఒత్తి, నూరింటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. బడి భోజనంలో, రేషన్‌లో అదే ఇస్తూ వచ్చారు. కడిగేటప్పుడు ఆ గింజ కొంచెం తేలుతుంది, రంగు తేడాగా ఉంటుంది. దాంతో "ప్లాస్టిక్ బియ్యం" అని ఊళ్ళో గోల. ఏరి పారేసే తల్లులున్నారు. వాళ్ళను చూసి నవ్వడం సులువే. కారం మిల్లు దగ్గర పనిచేసిన తెలివే ఇక్కడా పనిచేస్తోందని మాత్రం ఒప్పుకోవాలి. తన కళ్ళముందు జరగనిదాన్ని ఆమె నమ్మదు. ఏరవద్దని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. అదే నోటితో ఇంకోటి కూడా అడగాలి: మిల్లులో తవుడంతా తీయించి, ఆ తవుడు నూనె ఫ్యాక్టరీకీ పశువులకూ పంపి, పోయినదాంట్లో ఒకటి రెండు మాత్రమే ఫ్యాక్టరీలో అతికించి తిరిగి తెచ్చుకోవడం ఏ లెక్క?

పోతే, ఈ మెట్ట ఎప్పుడూ వరి దేశం కాదు. శ్రీనాథుడు కొండవీటి కొలువులో ఉన్నవాడే. పల్నాటి జొన్నకూడు మీద ఆయన పేరున చాటువులు తిరుగుతున్నాయంటే, మన్మథుడికైనా ఇక్కడ జొన్నే గతి అని ఆయన ముఖం చిట్లించాడన్నమాట. పల్నాడులో జొన్న, ప్రకాశం పడమట సజ్జ, కొర్ర, వరిగ. నల్లరేగడిలో కంది, శనగ, ధనియాలు. ఈ తీరు మారడానికి కారణాలు మూడు, మూడూ మంచివే. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వచ్చాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1986లో మన బాపట్ల పరిశోధనా కేంద్రం సాంబమసూరిని, అదే బీపీటీ 5204ని, విడుదల చేసింది. ఆ సన్నగింజ రుచి మరిగాక లావుబియ్యం కూడా కంటికి ఆనలేదు. దక్షిణాదిలో ఇవాళ చాలామంది తింటున్నది మన బాపట్ల వంగడమే. రెండు రూపాయల బియ్యాన్ని నేను తక్కువ చేయను. ఆకలి చూడని వాళ్ళే దాన్ని వెక్కిరిస్తారు. నీళ్ళూ అప్పూ ఉన్న రైతు జొన్న మానేసి పత్తి, మిరప వేశాడు. తినేది డిపో నుంచి వచ్చేటప్పుడు చేలో తిండిగింజ ఎందుకు? పత్తి ఏం చేసిందో తెల్లదోమ చేలను ఊడ్చేసిన 1980ల సంవత్సరాలు చూసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అది వేరే ఉపన్యాసం.

మరి జొన్నకు తిరిగి వెళ్దామా? ఈమధ్య అందరూ వెళ్ళమంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. వెళ్ళండి, నేనూ తింటాను. కానీ జొన్నను దేవుణ్ణి చేయకండి. తెలంగాణ మెట్టలో జొన్న తప్ప మరోటి ఎరగని పేదలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం మాడినట్టు నల్లబడి పొలుసులు లేచేది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు: జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది నియాసిన్ విటమిన్ పనికి అడ్డుపడుతున్నట్టుందని. ముడి ధాన్యమే, శుద్ధి చేయనిదే, అయినా ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒళ్ళు చెడింది. జొన్నరొట్టెలోకి పప్పూ ఆకుకూరా ఉన్న ఇంట్లో ఆ జబ్బు కనిపించలేదు. డాక్టరుగారి రెండో ప్రశ్న, "దేంట్లోకి?", అందుకే అంత ముఖ్యం. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి. రోజు తిండిలో శక్తి 45 శాతానికి మించి ధాన్యం నుంచి రాకూడదు. పళ్ళెంలో సగం కూరలూ ఆకులూ దుంపలూ పళ్ళూ ఉండాలి. మన విస్తట్లో అన్నం కొండలా ఉండి, కూర అంచున అతికించినట్టుంటుంది. ఇంటి తిండి అన్నంతమాత్రాన ఒప్పయిపోదు కూడా. రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలన్నారు. ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయ, వడియం ఉన్న భోజనంలో ఆ అయిదు గ్రాములు మొదటి ముద్దలకే చెల్లిపోతాయి.

ఇక ప్యాకెట్ల మాట. బ్రెజిల్‌లో కార్లోస్ మాంటెరో అనే ఆచార్యుడు తిండిని ఎంత ప్రాసెస్ చేశారన్నదాన్ని బట్టి నాలుగు తరగతులు చేశాడు. చివరి తరగతి, ఇంట్లో ఎవరికీ తయారుచేయడం చేతకాని సరుకు: పిండిపదార్థం, నూనె, రుచిపొడులు, రంగు, వాసన కలిపి ఒత్తి తీసినది. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఈ సరుకు, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూసింది. రెండింట్లోనూ చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగానే వడ్డించారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్నన్నాళ్ళు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. తేలిగ్గా నమిలి, త్వరగా మింగి, కడుపు చాలనేలోపే తినేస్తారు. పిల్లవాడి మనసు గట్టిది కాదని తిట్టకండి. అది అలా తినిపించడానికే తయారైంది.

కానీ మిరప కోతల కాలంలో ఒక వాడలో నిలబడి చూడండి, ఈ శాస్త్రమంతా పక్కకు పోతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆడవాళ్ళు తెల్లవారకముందే క్యారేజీ సర్దుకుని ట్రాక్టరెక్కుతారు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్ళు చేలగట్ల మీద పరదా పాకల్లో ఉంటారు. బడి వదిలిన పిల్లవాడికి నాలుగున్నరకు ఆకలి వేస్తుంది. ఇంట్లో పొయ్యి ఆరి ఉంటుంది, చేతిలో అమ్మ ఇచ్చిన పది రూపాయలుంటాయి, సందు చివర కొట్టులో దండలు కట్టి ప్యాకెట్లు వేలాడతాయి. ఇక్కడ "ఆరోగ్యపు అలవాటు" అన్న మాట తల్లికి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమెకు తీరిక లేదు. ప్రసంగాలతో అలవాట్లు రావు. ఆకలి వేసిన క్షణంలో చేతికి ఏది అందుతుందో అదే అలవాటు. ప్రకాశం జిల్లా శనగ పండిస్తుంది, గిట్టుబాటు కోసం కోల్డ్ స్టోరేజీల్లో దాస్తుంది. ఆ కొట్టులో మాత్రం ఉడికించిన శనగ గుప్పెడు దొరకదు. సాయంత్రం నాలుగింటికి బడి గేటు దగ్గర గుగ్గిళ్ళు అమ్మే మనిషిని ఒక స్వయం సహాయక సంఘం కూర్చోబెడితే, నా ఈ ఉపన్యాసం కంటే ఎక్కువ పని జరుగుతుంది. శనగ, అలసంద, పెసర, రోజుకొకటి. తాలింపు కూడా అక్కర్లేదు. ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరిగి, నిమ్మకాయ పిండితే చాలు.

పచ్చిమిరప అన్నాను కదా, దాని గురించి ఒక్క మాట. 1937లో నోబెల్ బహుమతి అందుకున్న సెంట్ జార్జి అనే హంగేరీ శాస్త్రవేత్త సి విటమిన్‌ను కిలోల లెక్కన తీసింది మిరపజాతి కాయల్లోంచే. నిమ్మకాయల్లోంచి కాదు. మన పచ్చిమిరపలో 100 గ్రాములకు 111 మిల్లీగ్రాములుంటే, ఎండితే సగం కూడా మిగలదు. చద్దన్నంలోకి పెరుగూ ఉల్లిపాయా పచ్చిమిరపా నంజుకునే కూలిమనిషి, ఆ విటమిన్ తోడుతో తిన్న ఇనుమును బాగా ఒంటపట్టించుకుంటాడు. అదే మనిషి గొడ్డుకారం మెతుకులతో సరిపెట్టుకుంటే ఆ లాభం చాలావరకు పోతుంది. ఒకే కాయ.

ఇంకో జాగ్రత్త. మిరపచేలో, పత్తిచేలో గట్టున మొలిచిన తోటకూర, గోంగూర పీక్కురావడం మనవాళ్ళకు మామూలు. 2021లో నల్లతామర పురుగు వచ్చినప్పటినుంచి మిరపకు ఎన్నిసార్లు మందు కొడుతున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ ఆకు కోయకండి. పెరట్లో, బోరు నీళ్ళ కాలువ పక్కన నాలుగు మడులు చాలు. మన గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యం నేర్పుతోంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లించడం, పెరటితోటలు వేయించడం వాళ్ళ పనుల్లో భాగం. 2024లో పోర్చుగల్‌లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్నదీ ఈ పనికే. వాళ్ళు చెప్పేదంతా నేను ఒప్పుకోను గానీ, పెరటి మడి విషయంలో ఏ పేచీ లేదు.

మన ప్రాంతంలో ఆహార ఉద్యమాలకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు మానమన్నారు, వీరమాచినేని రామకృష్ణగారు అన్నం మాని కొవ్వు తాగమన్నారు, ఖాదర్‌వలిగారు సిరిధాన్యాలన్నారు. మూడింటికీ హాళ్ళు నిండాయి. మూడూ ఒకదానికొకటి పొసగవు, అయినా ఒకే మనిషి మూడు హాళ్ళలోనూ కనిపించేవాడు! ఎవరి మంచి వారిలో ఉంది. కాకపోతే నలభై రోజుల దీక్షగా చేసింది నలభై ఒకటో రోజున ఆగిపోతుంది. కారం కొట్టించడం దీక్ష కాదు. అందుకే తరాలుగా ఆగలేదు.

ముందు వరసలో రైసుమిల్లుల యజమానులు కూర్చున్నారు. చివరిగా మీతోనే పని. మీ మిల్లులో ముడిబియ్యం వరసగా తవుడు తీసే కోన్‌ల గుండా వెళ్ళి, ఆఖరున సిల్కీ పాలిష్‌కు వెళ్తుంది. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం ప్రభుత్వ లెక్క. మొదటి కోన్ దగ్గరే ఆపితే బియ్యం బరువు పెరుగుతుంది, తవుడు తగ్గుతుంది. నూనె ఫ్యాక్టరీ ఇచ్చే తవుడు డబ్బులు తగ్గుతాయన్న సంగతి నాకు తెలుసు. ఇంకో చిక్కు కూడా తెలుసు. తవుడులో నూనె ఉంది కనుక అలాంటి బియ్యం నెల రెండు నెలలకు ముక్కవాసన వస్తుంది, పురుగూ పడుతుంది. అందుకే 25 కిలోల బస్తా వద్దు. 5 కిలోల సంచి కట్టి, మర ఆడిన తేదీ పైన పెద్ద అక్షరాలతో వేయండి. బీపీటీ వడ్లే వాడండి, రుచి అలవాటైనదే కనుక. "ఆర్గానిక్" అని, "డయాబెటిక్ స్పెషల్" అని రెండింతలు ధర పెట్టకండి. పెడితే కొనేది మళ్ళీ కార్లున్న వాళ్ళే. కొనడానికి వచ్చిన ఆవిడ నిలబడి చూస్తానంటే కోన్ దగ్గర ఒక స్టూలు వేయించండి.

ఆ బియ్యాన్ని వండేటప్పుడు గంట నానబెట్టాలి, నీళ్ళు ఇంకాస్త పోయాలి, గంజి వార్చకూడదు. మొదట్లో మూడొంతులు తెల్లబియ్యం, ఒక వంతు ఇది. పిల్లలు గుర్తుపట్టకపోతే వంతు పెంచండి. వచ్చే ఏడాది ఈ సభ రోజున భోజనం ఆ బియ్యంతో పెడతామని కమిటీవారు ఒప్పుకుంటే, బియ్యం ఖర్చు నాది. కూరలు మాత్రం మీరు చూసుకోండి.